పాలీహౌస్ కట్టానా, పొయ్యి కట్టానా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల, వేడి. ప్లాస్టిక్ ఫిల్ము కప్పి, ఫ్యాన్లు, తడి ప్యాడ్లు ఏమీ లేకుండా పక్కల తెరుచుకునే సైడ్ కర్టెన్ల మీద, కప్పు మీది కిటికీ, అంటే టాప్ వెంట్ మీదే నడిచే పాలీహౌస్‌లు, అదీ వానలు తక్కువపడి ఎండ మండిపోయే పొడి ప్రాంతాల్లో. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఈ నెల కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశాం. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి ఒకటిగా చేశాం, మీ ప్రశ్న సగమే కనపడితే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: బయట 38 డిగ్రీలుంటే లోపల 46 చూపిస్తోంది సార్. కర్టెన్లు ఎత్తేశాను, టాప్ వెంట్ కూడా తెరిచే ఉంది. పాలీహౌస్ వేస్తే చల్లగా ఉంటుందన్నారు, ఇదేమో పొయ్యిలా ఉంది. కట్టినవాళ్ళు మోసం చేశారంటారా?

జవాబు: ముందు ఆ 46 నిజమో కాదో తేల్చుకుందాం అండీ. థర్మామీటర్ ఎక్కడ కట్టారు? చాలామంది ఎండ నేరుగా పడే చోట ఇనుప పైపుకి ఆనించి కట్టేస్తారు, అప్పుడది గాలి వేడి ఎక్కడ చూపిస్తుంది, పైపు వేడి, దాని సొంత డబ్బా వేడి కలిపి చూపిస్తుంది. తెల్ల ప్లాస్టిక్ గిన్నెలు రెండు మూడు తీసుకుని బోర్లించి, మధ్యలో వేలెడు సందు వదిలి ఒకదాని కింద ఒకటి తీగతో కట్టి, ఆ నీడలో థర్మామీటర్‌ని మొక్క తల ఎత్తులో వేలాడదీయండి. నేనొకసారి రెండు రకాలుగా పక్కపక్కనే కట్టి చూస్తే మధ్యాహ్నం 2 గంటలకి 5 డిగ్రీల తేడా వచ్చింది, అప్పట్నుంచి ఎవరు అడిగినా ముందు ఇదే అడుగుతా.

గిన్నెల కింద పెట్టాక కూడా బయటకన్నా 3, 4 డిగ్రీలు ఎక్కువుంటే అది మామూలే. చల్లగా ఉంటుందన్నవాళ్ళే తప్పు చెప్పారు. కిటికీలోంచి వచ్చేది బయటి గాలే కదా, అది 38 ఉంటే ఎంత గాలి ఆడినా ఒట్టి గాలితో లోపల 38 కంటే తగ్గదు. గాలి చేసే పని ఒక్కటే, లోపల పోగయిన వేడిని మోసుకుపోవడం. 1909లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రెండు పెట్టెలు తీసుకుని ఒకదానికి గాజు మూత, ఇంకోదానికి రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. గాజు వేడి కిరణాల్ని బయటికి పోనివ్వదు, రాతి ఉప్పు పోనిస్తుంది, అయినా రెండూ ఇంచుమించు ఒకేలా వేడెక్కాయి. అంటే లోపల వేడి పెరగడానికి అసలు కారణం గాలి కదలకుండా బందీ అయిపోవడమే.

ఇప్పుడు టేపు తీసుకుని మీ కిటికీలు కొలవండి. లోపలి నేల 20 మీటర్లు ఇంటూ 50 మీటర్లు, అంటే 1000 చదరపు మీటర్లు అనుకుందాం. రెండు పొడుగు పక్కలా కర్టెన్ 2 మీటర్లు తెరుచుకుంటే 200, టాప్ వెంట్ పొడుగునా 1 మీటరు వెడల్పుంటే 50, మొత్తం 250, అంటే నేలలో 25 శాతం. ఇది బాగున్నట్టే. 15 శాతం కంటే తక్కువుంటే వేడి ప్రాంతంలో ఇబ్బందే, 30 దాటాక ఎంత పెంచినా పెద్దగా తేడా రాదు. టాప్ వెంట్ తెరవకుండా పక్కవి మాత్రమే తెరిస్తే వేడిగాలి కప్పు కింద మేఘంలా అలాగే కూర్చుంటుంది. గాలి బాగా వీచే రోజుల్లో, అంటే సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ గాలే తోసేస్తుంది, ఆకు కూడా కదలని రోజున మాత్రం వేడిగాలి పైకి లేచి పోవడం ఒక్కటే దిక్కు, అది కింది కిటికీకి పై కిటికీకి మధ్య ఎంత ఎత్తుంటే అంత బాగా జరుగుతుంది. గట్టర్ (కప్పు అంచున వాన నీళ్ళు పోయే కాలువ) దగ్గర 4 మీటర్లకు తగ్గకుండా ఎత్తు కట్టమనేది అందుకే. పొట్టిగా కట్టించుకుని ఇనుము మిగిల్చామనుకుంటారు, ఆ మిగిలింది ప్రతి ఎండాకాలం పంటలో పోతూనే ఉంటుంది.

ఇంకోటి, మీ పాలీహౌస్ వెడల్పు ఎంతో రాయలేదు. 40, 50 మీటర్లు దాటితే పక్క కిటికీల గాలి మధ్యదాకా చేరేలోపే వేడెక్కిపోతుంది, నడుమ వరసల మొక్కలకి వచ్చేది పక్క వరసలు వాడి వదిలేసిన గాలే.

ప్రశ్న: తెల్లదోమ రాకుండా 50 మెష్ నెట్ కట్టించాం, అప్పట్నుంచి లోపల ఉక్కపోత. మా అబ్బాయి నెట్ పీకేద్దాం అంటున్నాడు, నేను వద్దంటున్నాను. ఎవరిది రైటు?

జవాబు: ఇంట్లో గొడవకి తీర్పు చెప్పడం మా పని కాదు గానీ అమ్మా, ఇద్దరూ సగం సగం రైటే. తెల్లదోమ ఒంటి మందం పావు మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, దాన్ని ఆపాలంటే కన్నం అంతకంటే పెద్దది ఉండకూడదు, కన్నం అంత చిన్నదైతే గాలి కూడా సగం దాకా ఆగిపోతుంది. దానికి తోడు దుమ్ము. పొడి నేలల్లో నెల తిరిగేసరికి ఆ నెట్ మట్టిరంగులోకి వచ్చేస్తుంది, వేలితో రుద్ది చూడండి, మీకే తెలుస్తుంది. నెలకోసారి లోపలి వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టి కడగండి, ఈ ఒక్క పనితోనే కొంత ఊపిరి ఆడుతుంది.

నెట్ పీకేస్తే ఏమవుతుందో మీకూ తెలుసు. టమాటాకి ఆకుముడత వైరస్ తెచ్చేది తెల్లదోమే, వైరస్ వచ్చాక మందు లేదు, మొక్క పీకి సంచిలో వేసి బయట పారేయడమే. అందుకని నెట్ ఉంచండి, నెట్ విస్తీర్ణం పెంచండి. కిటికీ 2 మీటర్లుంటే దాని మీద బిగుతుగా 2 మీటర్ల నెట్ కొట్టడం అందరూ చేసేది. అలా కాకుండా కిటికీ బయట ఒక మీటరు ముందుకి పందిరిలాగా పైపులు దించి పైన, ముందు, కింద మూడు వైపులా నెట్ కడితే కిటికీ అదే సైజు, గాలి దూరే నెట్ మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. ఒక్కో రంధ్రంలోంచి గాలి నెమ్మదిగా వస్తుంది కాబట్టి అడ్డంకి తగ్గుతుంది.

కట్టేటప్పుడే సన్నదారంతో నేసిన నెట్ అడగండి. 50 మెష్ అంటే అంగుళానికి 50 కళ్ళు అని మాత్రమే, దారం లావుగా ఉంటే కన్నం మరీ చిన్నదై గాలికి దారే ఉండదు, దారం సన్నదైతే అదే 50 మెష్‌లో గాలి ఎక్కువ ఆడుతుంది. తామర పురుగులు మాత్రం ఇంకా సన్నవి, ఈ నెట్‌లోంచి దూరి వచ్చేస్తాయి, వాటికి నీలిరంగు జిగురు అట్టలు కట్టి వారం వారం లెక్కపెట్టుకోవడమే.

ఇంత ఖర్చుపెట్టి నెట్ కట్టి తలుపు మాత్రం ఒక్కటే పెడతారు, అదీ పనివాళ్ళు ట్రేలు మోసుకెళ్తూ రాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు. తలుపు తర్వాత 2 మీటర్లు వదిలి రెండో తలుపు పెట్టించండి.

ప్రశ్న: నీళ్ళని పొగమంచులా చిమ్మే ఫాగర్లు పెట్టిస్తే 10 నిమిషాల్లో 10 డిగ్రీలు తగ్గుతుందని ఒకాయన వచ్చి చెప్పి వెళ్ళాడు. పెట్టించమంటారా?

జవాబు: పెట్టించుకునే ముందు మీ పాలీహౌస్‌లో ఇప్పటికే ఎన్ని ఏసీలున్నాయో లెక్కేద్దాం. నవ్వకండి, నిజంగానే.

నడిమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి 900 వాట్ల పైనే పడుతుంది, ఫిల్ము, దుమ్ము, పైపుల నీడ పోగా 600 వాట్లు లోపలికి వస్తాయనుకుందాం. 1000 చదరపు మీటర్లకి 600 కిలోవాట్లు. లీటరు నీళ్ళు ఆవిరైతే 0.68 యూనిట్ల (కిలోవాట్ గంటల) వేడిని మింగేస్తాయి. బాగా పెరిగి నేలంతా కమ్మేసిన టమాటా తోటకి నీళ్ళు సరిగ్గా అందుతుంటే మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకి గంటకి అరలీటరు దాకా ఆకుల్లోంచి ఆవిరి చేస్తుంది, అంటే మొత్తానికి గంటకి 500 లీటర్లు, 340 కిలోవాట్ల వేడి. ఇంట్లో పెట్టుకునే ఒకటిన్నర టన్నుల ఏసీ 5.3 కిలోవాట్ల వేడిని బయటికి లాగేస్తుంది, భాగించి చూడండి, 60కి పైనే ఏసీలు మీ మొక్కలే నడుపుతున్నాయి. కరెంటు బిల్లు లేదు, రిపేరు లేదు, కావలసింది వేళకి నీళ్ళు.

అందుకే ఫాగర్ గురించి అడిగిన ప్రతి ఒక్కరినీ నేను డ్రిప్ గురించి తిరిగి అడుగుతా. మధ్యాహ్నం ఆకులు వేలాడుతున్నాయా? వేలాడితే ఆ ఏసీలన్నీ ఆఫ్ అయినట్టే, ఆకు రంధ్రాలు మూసుకుని ఆవిరి ఆగిపోతుంది, ఆకు గాలికంటే కూడా వేడెక్కుతుంది. పొద్దున ఒకేసారి గంటసేపు నీళ్ళు వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళ తోటలో మధ్యాహ్నానికి ఇదే సీను. అవే నీళ్ళని 5, 6 సార్లుగా విడగొట్టి, అందులో నాలుగింట మూడు వంతులు 10 నుంచి 3 లోపు పడేలా టైమర్ పెట్టుకోండి, ఇసుక నేలైతే ఇంకా ఎక్కువసార్లు. నల్ల లేటరల్ (మొక్కల వరసన పరిచే డ్రిప్ పైపు) ఎండలో ఉంటే అందులో నిలిచిన నీళ్ళు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగిపోతాయి, ఆ మొదటి నీళ్ళు లేత వేర్ల మీదే పడతాయి, కాబట్టి లేటరల్‌ని నేల మీద కప్పే మల్చింగ్ షీటు కిందకి తోసేయండి. పైన వెండి రంగు లేదా తెలుపు ఉన్న షీటు వాడండి, ఎండాకాలంలో నల్ల షీటు వద్దు.

ఇదంతా చేశాక కూడా గాలి మరీ ఎండుగా ఉండి, నారు దశలోనో పూత దశలోనో ఇబ్బందైతే అప్పుడు ఫాగర్ మాట ఆలోచించండి. పొడి గాలి ఈ విషయంలో మనకి వరం, 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలిని పూర్తిగా నీటితో నింపగలిగితే 22 డిగ్రీల దగ్గరకి వస్తుంది. కాగితం మీద అన్నమాట. కిటికీలు తెరిచిన పాలీహౌస్‌లో అందులో కొంతే దక్కుతుంది, తగ్గిన ఆ కాస్తా కూడా ఫాగర్ ఆపిన కొద్ది నిమిషాల్లోనే పోతుంది. కిటికీలన్నీ మూసేసి ఫాగర్ వేస్తే ఇంకా చల్లబడుతుందనుకుని మూసేస్తారు కొందరు, గాలి తేమతో నిండిపోయాక నీళ్ళు ఆవిరవ్వవు, ఆకుల మీద పడి కారతాయి, వేడీ తగ్గదు తెగుళ్ళూ వస్తాయి. వెంట్ సగం తెరిచి, కొన్ని సెకన్లు వేసి కొన్ని నిమిషాలు ఆపుతూ నడపాలి.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. నడుస్తున్న ఫాగర్ చూపించమని అడిగి, నాజిల్‌కి మీటరు కింద అద్దం ముక్క ఒకటి అర నిమిషం పట్టుకోండి. చినుకులు కనపడితే అది ఫాగర్ కాదు, సన్న స్ప్రింక్లర్, డ్రిప్ ఒత్తిడితో నడిచేవి దాదాపు ఇంతే, చుక్కలు 60, 70 మైక్రాన్ల పైనే ఉండి ఆకు తడుపుతాయి. గాల్లోనే మాయమైపోయే పొగమంచు కావాలంటే 40 నుంచి 70 బార్ల ఒత్తిడి పంపు కావాలి, దానికి శుభ్రమైన మెత్తటి నీళ్ళు కావాలి. ఉప్పు నీళ్ళు పెడితే నాజిళ్ళు వారాల్లో మూసుకుపోతాయి, ఆకుల మీద సున్నం వేసినట్టు తెల్ల పొర కడుతుంది. మీ నీళ్ళు ఎలా ఉన్నాయో రాయలేదు కాబట్టి పెట్టించమని నేను చెప్పను.

ప్రశ్న: నారు నాటిన 15 రోజుల్లో సగం మొక్కలు మాడిపోతున్నాయి. నెల దాటిన పాత బ్లాకులో అదే రకం పచ్చగా ఉంది. నేల ఒకటే, నీళ్ళు ఒకటే.

జవాబు: పై జవాబు చదివితే మీకు సగం అర్థమైపోయి ఉంటుంది. కొత్త బ్లాకులో ఇంకా ఏసీలు బిగించలేదు! మొక్కకి నాలుగాకులుంటే ఆవిరి చేసేదెంత, ఎండంతా ఖాళీ నేల మీద పడి నేల కాగుతుంది, ఆ సెగ తిరిగి మొక్కకే కొడుతుంది. పాలీహౌస్‌లో అన్నిటికంటే వేడి రోజులు నాటిన మొదటి మూడు నాలుగు వారాలే, బయట ఎండ అంతే ఉన్నా సరే.

సాయంత్రం పూట నాటండి. మొదటి మూడు వారాలు 50 శాతం షేడ్ నెట్ వేసి, ఆకు కమ్ముతున్న కొద్దీ తీసేయండి, పంటంతా అలాగే ఉంచేస్తే మొక్కలు సాగిపోయి కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, కాపు తగ్గుతుంది. నడిచే దారుల్ని రోజుకి రెండుసార్లు తడిపితే ఖరీదైన ఫాగర్ చేసే పనిలో కొంత ఉత్తినే అవుతుంది. కర్టెన్ కింది 60, 70 సెంటీమీటర్లు మాత్రం దించే ఉంచండి, వడగాలి లేత మొక్కలకి నేరుగా కొట్టకుండా పైనుంచి దూరనివ్వండి.

నారు కొనేటప్పుడు ట్రేలో మొక్క బలంగా, పొట్టిగా ఉందా, వేరు తెల్లగా ఉందా చూసుకోండి, పొడుగ్గా సన్నగా సాగినవి తెచ్చుకుని ఎండని తిడితే లాభం లేదు.

ప్రశ్న: షేడ్ నెట్ లోపల కట్టాలా, బయట కట్టాలా? కొందరు సున్నం కొట్టమంటున్నారు, అది పని చేస్తుందా?

జవాబు: వీలుంటే బయటే. ఎండ ఫిల్ము దాటి లోపలికి వచ్చాక నెట్ దాన్ని ఆపితే ఆ వేడి నెట్‌లోనే, అంటే మీ పాలీహౌస్ లోపలే ఉండిపోతుంది, పైగా గట్టర్ ఎత్తులో దుప్పటి కప్పినట్టు పరిచేసరికి టాప్ వెంట్‌కి గాలి చేరదు. లోపలే కట్టాల్సివస్తే నల్లది వద్దు, ఎండని వెనక్కి కొట్టే అల్యూమినియం పట్టీలది తీసుకోండి, పట్టీల మధ్య ఖాళీలున్న రకం. ఏదైనా సరే జరుపుకునేలా ఉండాలి, 11 నుంచి 3 దాకా వేసి తర్వాత లాగేయాలి. కూరగాయలకి 35 శాతం చాలు. రోజంతా చీకటి చేసేస్తే చల్లగా ఉంటుంది గానీ కాయ కాయదు.

సున్నం సంగతి, నవ్వులాట కాదు. స్పెయిన్‌లో అల్మేరియా అనే చోట 30 వేల హెక్టార్లకు పైగా ప్లాస్టిక్ కింద కూరగాయలు పండిస్తారు, అదీ ఎడారికి దగ్గరగా ఉండే నేల, అక్కడ ఎక్కువ శాతం ఇలా సహజ గాలి మీద నడిచేవే, ఎండలు ముదరగానే కప్పు మీద సుద్దపొడి నీళ్ళు స్ప్రే చేసి, చల్లబడ్డాక కడిగేస్తారు. సుద్దపొడి వేరు, గోడలకి కొట్టే ఘాటు సున్నం వేరు, రెండోది ఫిల్ముని పాడుచేస్తుంది, అది వాడకండి. పలచగా మొదలుపెట్టండి, చాలకపోతే ఇంకో పూత వేయొచ్చు. చిక్కు ఒక్కటే, నెట్ లాగా మబ్బు పట్టిన రోజున తీసేయలేం.

ప్రశ్న: టమాటా పూత బాగా వస్తోంది, వచ్చింది వచ్చినట్టే రాలిపోతోంది. హార్మోన్ మందు కొట్టమంటున్నారు.

జవాబు: రాలిన పువ్వు ఒకటి తీసుకుని భూతద్దంతో చూడండి. టమాటా పువ్వు మధ్యలో పసుపు గొట్టంలా పుప్పొడి తిత్తులుంటాయి, లోపలి కీలం, అంటే పుప్పొడి పడాల్సిన ఆడ భాగం, మామూలుగా ఆ గొట్టంలోనే దాక్కుని ఉంటుంది. వేడి ఎక్కువైతే కీలం గొట్టం దాటి గుండుసూది తలలా బయటికి పొడుచుకొస్తుంది, అప్పుడు పుప్పొడి దాని మీద పడదు. అలా కనపడితే కారణం వేడే. పగలు 32 నుంచి 35 దాటినా, రాత్రి 21 నుంచి 24 కంటే దిగకపోయినా పిందె పడటం కష్టమవుతుంది, రాత్రి వేడిని చాలామంది పట్టించుకోరు. పైగా పుప్పొడి చెడేది పువ్వు విచ్చుకోవడానికి 10 రోజుల ముందు, మొగ్గలోనే. ఇవాళ రాలిన పూతకి కారణం పోయిన వారం ఎండ, కాబట్టి ఇవాళ కొట్టే మందు దాన్ని వెనక్కి తేలేదు.

కీలం లోపలే ఉండి పువ్వు రాలుతుంటే కదలిక లేదన్నమాట. ఆరుబయట గాలి, తుమ్మెదలు పువ్వుని ఊపుతాయి, నెట్ కట్టిన ఇంట్లో ఆ పని మీరే చేయాలి. రోజు విడిచి రోజు, పొద్దున మంచు తడి ఆరాక, మధ్యాహ్నం ఎండ ముదరకముందు, మొక్కలు వేలాడదీసిన తీగని కర్రతో టకటకా తట్టుకుంటూ వెళ్ళండి. పసుపు పొడి రాలడం ఎండకి ఎదురుగా నిలబడితే కంటికే కనపడుతుంది. 1000 చదరపు మీటర్లకి అరగంట పని.

పాలీహౌస్ కీరదోస వేసినవాళ్ళు మాత్రం ఇది చదివి కర్ర పట్టుకోకండి, ఆ రకాలు పరాగం లేకుండానే కాస్తాయి, తేనెటీగలు దూరితేనే కాయ ఒకవైపు ఉబ్బి గింజ పడుతుంది.

ప్రశ్న: క్యాప్సికం కాయల అడుగున గోధుమరంగు మచ్చ పడి కుళ్ళుతోంది. కాల్షియం మూడుసార్లు కొట్టాను.

జవాబు: నాలుగోసారి కొట్టకండి. కాల్షియం నీళ్ళతోపాటే పైకెక్కుతుంది, ఎండ వేళ ఆకులే మొత్తం లాగేసుకుంటాయి, కాయ చివరికి చేరదు. మీ నేలలో కాల్షియం ఉండే ఉంటుంది, నీళ్ళు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ పడుతున్నాయేమో చూడండి. అమ్మోనియా రూపంలో నత్రజని ఎక్కువ ఇస్తున్నా ఇంతే. అన్నట్టు ఆ మచ్చ అడుగున కాకుండా ఎండ తగిలే పక్కన, తెల్లగా కాగితంలా ఉంటే అది ఎండదెబ్బ, దానికి ఆకులు తక్కువ కత్తిరించడమే మందు.

ప్రశ్న: నాలుగేళ్ళుగా పాలీహౌస్ నడుపుతున్నా. మొదటి రెండేళ్ళు బ్రహ్మాండంగా పండింది, ఇప్పుడు బెడ్ల అంచుల్లో తెల్లగా పేరుకుంటోంది, మొక్క పీకితే వేర్ల మీద బుడిపెలు. నేల అలిసిపోయిందంటున్నారు.

జవాబు: అలిసిపోలేదండీ, ఉప్పు పేరుకుంది, వేర్లకి బుడిపెలు కట్టించే నులిపురుగులు (నెమటోడ్లు) చేరాయి. రెండూ వేరు వేరు జబ్బులు, రెండూ పాలీహౌస్‌లో తప్పకుండా వచ్చేవే.

ఉప్పు లెక్క చూడండి. మీ నీళ్ళ ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.5 అనుకుంటే లీటరుకి దాదాపు గ్రాము ఉప్పు. చదరపు మీటరుకి రోజుకి 4 లీటర్లు ఇస్తే 1000 చదరపు మీటర్లకి 4000 లీటర్లు, అంటే రోజుకి 4 కిలోలు, 100 రోజుల పంటకి 400 కిలోలు, ఎరువుల ఉప్పు కాకుండానే! మొక్క నీళ్ళు తాగుతుంది, ఉప్పులో చాలావరకు వదిలేస్తుంది. బయట పొలానికైతే ఒక గట్టి వాన పడి కిందకి కడిగేస్తుంది, మీ నేల మీద నాలుగేళ్ళుగా చుక్క వాన పడలేదు కదా. టమాటా, కీరదోస నేలలో ఈసీ 2.5 దాకా ఓర్చుకుంటాయి, క్యాప్సికం 1.5 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, చిక్కుడు జాతి బీన్స్ అయితే 1 దగ్గరే. అందుకే అదే బెడ్‌లో టమాటా నడిచి క్యాప్సికం నడవదు.

వారంలో ఒకరోజు మామూలుకంటే 15, 20 శాతం ఎక్కువ నీళ్ళిచ్చి ఉప్పుని వేర్ల కిందకి దించండి. పంటకి పంటకి మధ్య కప్పు మీద పట్టి ఉంచిన వాన నీళ్ళుంటే వాటితో బెడ్డు మొత్తం తడిసేలా రెండు మూడుసార్లు బాగా పారించండి, డ్రెయినేజీ ఉంటేనే సుమా, లేకపోతే ఉప్పు మళ్ళీ పైకే వస్తుంది. డ్రిప్ చుక్క పడే చోటు నుంచి తడి ఎంతదూరం పాకితే ఆ అంచున ఉప్పు చేరుతుంది, మీరు చూసిన తెలుపు అదే, కాబట్టి కొత్త మొక్కని డ్రిప్పర్ పక్కనే నాటండి, ఆ అంచున నాటకండి.

ఇక నులిపురుగులు. ఇక్కడ మాత్రం ఎండ మన పక్షం. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జాకోవ్ కటాన్, ఆయన తోటివాళ్ళు తడి నేల మీద పారదర్శక ప్లాస్టిక్ పరిచి ఎండతోనే నేల తెగుళ్ళని చంపొచ్చని చూపించారు. నడివేసవిలో పాలీహౌస్ ఖాళీ చేయండి, ఎలాగూ ఆ నెలన్నర పంట పెడితే ఖర్చే ఎక్కువ. పాత వేర్లు ఏరి తీసేసి, దున్ని, గడ్డలు పగలగొట్టి, ఒక అడుగు లోతు తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక షీటు నేలకి అంటుకునేలా పరిచి అంచులు మట్టిలో పూడ్చేయండి. నల్ల షీటు పరిచేవాళ్ళున్నారు, అది తానే వేడెక్కుతుంది, నేలకి తక్కువ పంపుతుంది. తర్వాత కర్టెన్లు దించి మొత్తం మూసేసి 4 నుంచి 6 వారాలు తాళం వేసి వెళ్ళిపోండి. మూసే ముందు టైమర్లు, సెన్సర్లు, మందుల డబ్బాలు బయటికి తెచ్చుకోండి, లోపల కాగిపోతుంది. షీటు తీశాక లోతుగా దున్నకండి, పై అడుగులోపు మాత్రమే చచ్చాయి, కిందివాటిని మళ్ళీ పైకి తెచ్చుకున్నట్టవుతుంది.

నులిపురుగు తట్టుకునే టమాటా రకం వేశాను, అయినా బుడిపెలొచ్చాయని ఇంకో ఇద్దరు రాశారు. విత్తనం కంపెనీ మీద పడకముందు నేల వేడి కొలవండి. ఆ రకాల్లో నులిపురుగుని ఆపే ఎంఐ జన్యువు నేల 28 డిగ్రీలు దాటితే పనిచేయడం మానేస్తుంది. వెండిరంగు మల్చ్, నాటినప్పుడు నీడ ఇక్కడ కూడా ఆదుకుంటాయి.

ప్రశ్న: ఫిల్ము రెండేళ్ళకే పైపుల వెంబడి చిరుగుతోంది, మిగతా చోట బాగానే ఉంది.

జవాబు: ఎండకి కాగిన పైపు దాన్ని వెనకనుంచి కాల్చేస్తోంది. కొత్త ఫిల్ము వేసేటప్పుడు ఫిల్ము తగిలే పైపు పైభాగానికి తెల్ల పెయింట్ వేయించండి. గంధకం పొడి బూడిద తెగులుకి లోపల ఎక్కువగా కొడుతుంటారా? అది ఫిల్ములో ఎండకి ఆగే మందుని తినేస్తుంది, వారంటీ కాగితంలో చిన్నక్షరాల్లో రాసే ఉంటుంది చూడండి.

ప్రశ్న: రాత్రిళ్ళు కర్టెన్లు దించాలా, తెరిచే ఉంచాలా?

జవాబు: ఎండాకాలం తెరిచే ఉంచండి, టమాటా పిందె పడాలంటే రాత్రి చల్లదనం కావాలని పైన చెప్పాం కదా. చలికాలం మబ్బు లేని, గాలి లేని రాత్రి మాత్రం ఒక తమాషా జరుగుతుంది, పాలిథిన్ నేల వేడిని ఆకాశంలోకి పోనిస్తుంది కాబట్టి అన్నీ మూసేసిన పాలీహౌస్ లోపల బయటకన్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువకి దిగుతుంది. అలాంటి రాత్రి బిగించకుండా టాప్ వెంట్ జానెడు వదిలేయండి, ఫిల్ము లోపలి నీటిచుక్కలు పొద్దున్నే మొక్కల మీద కారడం కూడా తగ్గుతుంది. ఆ రోజు పొద్దున 7 గంటలకి వెళ్ళి ఆకు అడుగున చెయ్యి పెట్టి చూడండి, తడిగా ఉంటే ఇంకో జానెడు తెరవాలి.